నాన్న గడ్డానికి కొన్న బ్రష్

నా చిన్నప్పుడు మగవాళ్ళ గడ్డానికంటూ ఒక బ్రష్ ఉంటుందని ఎవరైనా చెబితే మా ఊళ్ళో పడీ పడీ నవ్వేవాళ్ళు. గడ్డం పెరిగితే మంగలి వచ్చి గీసి పోయేవాడు, అంతటితో దాని సంగతి అయిపోయేది. ఇప్పుడు మా మనవడు గడ్డానికి నూనె రాసి, దానికో బ్రష్, మీసానికో బుల్లి దువ్వెన పెట్టుకుని, నేను నా పెళ్ళినాడు ముస్తాబైన దానికంటే ఎక్కువసేపు అద్దం ముందు నిలబడతాడు. మొన్న నా మంచం పక్కన కూర్చుని, ఫోన్‌లో ఆ బ్రష్‌లు వరసగా చూపించి, "ఇండ్ల ఏది తీసుకోమంటవ్ నానమ్మా?" అని అడిగాడు. చెక్కవి, ప్లాస్టిక్‌వి, పంది వెంట్రుకలవి, గుర్రం వెంట్రుకలవి, వేలితో పైకి తోస్తుంటే వస్తూనే ఉన్నాయి. "ఏదో ఒకటి తీసుకో పో" అని కసిరాను. పాపం, వాడు సరదాకి అడిగాడు. ఆ ముచ్చట నాకు సరదా కాదని వాడికెలా తెలుస్తుంది? అలాంటి బ్రష్ ఒకటి కొనడానికి మా నాన్న వెంట జూలూరుపాడు వారపు అంగడికి పోయిన రోజు నాకొకటుంది. దాన్ని వాడికి చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

మా ఊరు జూలూరుపాడు దాటి లోపలికి, అడవి అంచున ఉండేది. కాస్త జొన్న చేను, ఒక గేదె, దాని దూడ, రెండు గదుల పెంకుటిల్లు. ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను, నా తర్వాత చాలా ఏళ్ళకు పుట్టిన తమ్ముడు. వాడికి పుట్టుకతోనే గుండెలో రంధ్రం. పెదవులు ఎప్పుడూ నేరేడుపళ్ళు తిన్నట్టు ఉండేవి. వాకిట్లోంచి గడప దాకా నడిస్తే చాలు, కూలబడి రొప్పేవాడు. కానీ నోరు మాత్రం భలే నోరు. నడవలేని వాడికి దేవుడు మాటలు ఎక్కువ ఇస్తాడేమో, మంచం మీద కూర్చునే ఇంటినంతా నడిపించేవాడు. ఖమ్మం దవాఖానా వాళ్ళు హైదరాబాదు పొమ్మన్నారు. హైదరాబాదు డాక్టరు చూసి, ఇక చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకుపోయి పిల్లవాడు అడిగింది పెట్టండి అన్నాడట. అడిగింది పెట్టమనడమంటే ఏమిటో మా నాయనమ్మకు తెలుసు. ఆ మాట విని ఆమె చేటలో బియ్యం అలాగే వదిలేసి పెరట్లోకి పోయింది.

మా నాన్నకు మాత్రం తెలిసినా ఒప్పుకునే గుణం లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన మర్నాడే భద్రాచలం రాముడికి మొక్కుకున్నాడు. పిల్లవాడు తన కాళ్ళ మీద తాను నడిచి గుడి మెట్లెక్కిన రోజున జుట్టు, గడ్డం రెండూ ఇస్తానని, అప్పటిదాకా కత్తి తగలనివ్వనని. మా వైపు మొక్కిన జుట్టు మనది కాదు. అది దేవుడిది, మన దగ్గర కొన్నాళ్ళు ఉంటుంది, అంతే. అయినా అందరూ దువ్వుకుంటారు, నూనె పెట్టుకుంటారు, అదేమీ తప్పు కాదు. మా నాన్నది అన్నిట్లోనూ అతి. దువ్వెన పెడితే వెంట్రుకలు ఊడతాయి, ఊడితే దేవుడి సొమ్ములోంచి దొంగిలించినట్టే అని దువ్వెన కూడా ముట్టుకోలేదు. జొన్న చేలో పని చేసే మనిషి. చొప్ప ముక్కలు, దుమ్ము, చెమట అన్నీ ఆ గడ్డంలోనే చేరి, అది చిక్కులు పడి ఎండిన కొబ్బరి పీచులాగా తయారైంది. దాని వెనక మా నాన్న ఉన్నాడని మాకు తెలుసు కాబట్టి గుర్తుపట్టేవాళ్ళం.

తమ్ముడు గుర్తుపట్టడం మానేశాడు. దానికి కారణం మా నాయనమ్మ. వాడికి అన్నం తినాలంటే ఆయాసం, నోట్లో ముద్ద పెట్టుకుని గంటసేపు అలాగే కూర్చునేవాడు. అమ్మ బతిమాలేది. నాయనమ్మకు బతిమాలడం చేతకాదు. "తింటవా తినవా? అడవిలకెల్లి గడ్డపోడొస్తడు, సంచిల ఏసుకొని పోతడు" అనేది. మా నాయనమ్మ ఏదన్నా చెబితే వివరాలకు తక్కువ చేయదు. ఆ గడ్డపోడికి మోకాళ్ళ దాకా గడ్డం, అందులో ముళ్ళూ తేళ్ళూ, వాడి దగ్గర అన్నం తినని పిల్లల వాసన పట్టే ముక్కు. తమ్ముడు బెదిరి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. పిల్లవాడి కడుపు నిండుతుంటే కథలో తప్పేముందని ఎవరమూ అడ్డు చెప్పలేదు. నెలలు గడిచేసరికి ఆ గడ్డపోడు నిజంగానే మా వాకిట్లోకి వచ్చాడు, మా నాన్న చొక్కా వేసుకుని.

నాన్నను చూస్తే చాలు, తమ్ముడు గుడ్లు తేలేసి అరిచేవాడు. మామూలు పిల్లలు ఏడిస్తే ఏడుస్తారు, ఊరుకుంటారు. వీడు ఏడిస్తే ఊపిరి అందదు, పెదవుల రంగు గోళ్ళలోకి దిగుతుంది, ఒళ్ళంతా చల్లబడుతుంది. ఏడవనివ్వకండి అన్నది డాక్టరు చెప్పిన ఒకే ఒక్క వైద్యం. కాబట్టి నాన్న సొంత ఇంట్లో దొడ్డి వైపు నుంచి వచ్చి పోవడం మొదలుపెట్టాడు. వంట గదిలో తిని, పశువుల పాకలో పడుకునేవాడు. తెల్లవారుజామున వాడు లేవకముందే వచ్చి, దుప్పటిలోంచి బయటికొచ్చిన పాదాలు పట్టుకుని కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవాడు. వాడికి మిగిలిన రోజులు తక్కువని అందరికీ తెలుసు. ఆ కాసిని రోజుల్లో తండ్రి ఒళ్ళో ఒక్కసారైనా కూర్చుంటాడా లేదా అన్నదే మా ఇంట్లో అందరి మనసులోనూ ఉండేది.

నాయనమ్మ తన కథను వెనక్కి తీసుకోవాలని చూసింది. వాడి పక్కన కూర్చుని, "గడ్డపోడు లేడు కొడుకా, నేను ఉత్తగనే చెప్పిన" అంది. వాడు దొడ్డి తలుపు వైపు వేలు చూపించి, "ఉన్నడు గదా, గేదె కాడ" అన్నాడు. ఆ రోజు నుంచి నాయనమ్మ ఎవరికీ ఏ కథా చెప్పలేదు.

అమ్మకు ఓపిక పోయింది. ఒక పొద్దున జొన్నలు దంచుతూ, నాన్న వినేలా, "దేవుడు వచ్చి నీ గడ్డం అడిగిండా? నీ బిడ్డ నాయిన్ని అడుగుతుండు. గీయించుకో" అంది. నాన్న తల వంచుకుని, "గీయిస్తే మొక్కు తప్పుతది. ఆనక వానికేమన్నయితే నా చేతులారంగ చేసినట్టే గదా" అన్నాడు. అమ్మ రోకలి ఆపలేదు. ఇద్దరూ ఏడ్చారు, కానీ ఎవరి ఏడుపు వాళ్ళది. చివరికి నాయనమ్మే మధ్యలోకి వచ్చి, గీయించకపోతే మానె, కనీసం మనిషి ముఖంలా కనబడేటట్టు దువ్వుకోమంది. నాన్న చాలాసేపు ఆలోచించి, వెంట్రుక ఊడకుండా దువ్వేది ఏమన్నా ఉంటే చూస్తానన్నాడు. పట్నంలో షావుకార్లు తలకు బురుసు పెట్టుకోవడం ఆయన ఎక్కడో చూశాడు. బ్రష్‌ను మేము అప్పట్లో బురుసు అనేవాళ్ళం.

ఆ అంగడి రోజున నన్ను కూడా వెంట తీసుకుపోయాడు. బండ్ల మీద మిరపకాయల బస్తాలతో పోయేవాళ్ళు మా నాన్నను చూసి, మొక్కు గడ్డమని తెలిసి, దారి ఇచ్చారు. అంగడిలో ఒక మూలన దువ్వెనల తాత కూర్చునేవాడు. తాతల నాటి నుంచి గేదె కొమ్ములు కోసి దువ్వెనలు చేసే సాయబుల ఇంటి మనిషి. గోనెపట్టా మీద కొమ్ము దువ్వెనలు, పేన్ల దువ్వెనలు, చేతి అద్దాలు, పట్నం నుంచి తెచ్చిన బురుసులు వరసగా పేర్చి ఉండేవి. తాత గడ్డం తెల్లగా, పొందికగా, ఇప్పుడే ఉతికి ఆరేసినట్టు ఉండేది. మాటల్లో మహా కొంటెమనిషి. మా నాన్న గడ్డం చూసి, "ఏంది తమ్మీ, ఇండ్ల పిచ్చుకలు గిట్ట కాపురం ఉంటున్నయా?" అన్నాడు. వేరే రోజైతే నాకు నవ్వొచ్చేది.

నాన్న వచ్చిన పని చెప్పాడు. వెంట్రుక ఊడని బురుసు కావాలి. తాత వెంటనే తన వ్యాపారంలో పడ్డాడు. వేళ్ళ వెనక భాగంతో నాన్న గడ్డాన్ని తాకి చూసి, బిరుసు గడ్డమని తేల్చాడు. ఒక్కొక్క బురుసు తీసి, కుచ్చును బొటనవేలితో వంచి చూపిస్తూ చెప్పుకుపోయాడు. గడ్డం బిరుసుగా ఉంటే కుచ్చు గట్టిగా ఉండాలి, పొడుగ్గా ఉంటే కుచ్చు కూడా పొడుగ్గా ఉండాలి, లేకపోతే చర్మం దాకా దిగదు. ప్లాస్టిక్‌ది చవకే కానీ గుంజుతుంది. ఇలాంటి గడ్డానికి పంది వెంట్రుకల బురుసు మంచిదంటారు, తాను ముట్టడు కాబట్టి తన దగ్గర ఉండదు, కావాలంటే కొత్తగూడెంలో దొరుకుతుంది, పోయి తెచ్చుకోమని కూడా చెప్పాడు. బేరం పోగొట్టుకుని ఇంకో కొట్టుకు దారి చూపించేవాణ్ణి నేను ఆ ఒక్కణ్ణే చూశాను. చివరికి గట్టి గుర్రపు వెంట్రుకలతో, పెద్ద చెక్క వీపుతో ఉన్నదొకటి తీసి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని పట్టుకుని, "ఒక్క ఎంటిక గూడ ఊడదా?" అని మళ్ళీ అడిగాడు.

తాత అప్పుడు ఆయన ముఖంలోకి చూశాడు. "తలల ఎంటిక ఊడుతది, చెట్టుకు ఆకు రాలుతది. ఊడితే ఏమైతది తమ్మీ, ఎందుకంత భయం?" అన్నాడు. నాన్న చెప్పాడు. మొక్కు సంగతి, గడ్డపోడి సంగతి, దొడ్డి తలుపు సంగతి. అంగడి మధ్యలో, చుట్టూ మనుషులు పోతుండగా, అంత పెద్ద మనిషి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. మిగిలింది నేను చెప్పాను. తమ్ముడు ఏడిస్తే ఏమవుతుందో నేనే చెప్పాను.

తాత నాన్న చేతిలోంచి ఆ మంచి బురుసు వెనక్కి తీసేసుకున్నాడు. నాకేసి తిరిగి, "నీ చెయ్యి ఇయ్యి బిడ్డా" అని నా అరచేయి తన అరచేతిలో పెట్టుకుని చూశాడు. "పిలగానిది దీనికంటే చిన్నదేనా?" అన్నాడు. సగం ఉంటుందని చెప్పాను. బలం ఉందా అన్నాడు. చెంబు ఎత్తలేడని చెప్పాను. ఆయన పట్టా మీద ఉన్నవి కాకుండా పక్కనున్న సంచిలో వెతికి, ఒక చిన్న బురుసు తీశాడు. టోపీల మీద దుమ్ము దులుపుకునేదట. మెత్తటి కుచ్చు, పొట్టి పిడి, ఎత్తితే బరువే తెలియదు. "ఇది నీ గడ్డానికి పనికిరాదు తమ్మీ, పైపైనే పోతది. ఉన్నమాట చెప్తున్న. కానీ వాని చేతిల పడతది" అన్నాడు.

మా నాన్నకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. తాత ఓపిగ్గా చెప్పాడు. దానితో పాటు పెద్ద పళ్ళ కొమ్ము దువ్వెన ఒకటి ఇచ్చి, రోజూ పొద్దున్నే పిల్లవాడు లేవకముందు నూనె పెట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి చిక్కు తీసుకోమన్నాడు. ఊడిన వెంట్రుకలను గుడ్డలో కట్టి దాచమన్నాడు, దేవుడివి దేవుడికే అప్పజెప్పొచ్చు, లెక్క తప్పదు అన్నాడు. తర్వాత పిల్లవాడు ఆ చిన్న బురుసుతో దువ్వుతాడు. చిక్కు తీసింది తండ్రి అని వాడికి తెలియకూడదు, తన చేతితోనే గడ్డం నున్నగా అయిందని అనుకోవాలి. "మరి వాడు దగ్గరికే రాడు గదా" అన్నాడు నాన్న. తాత నవ్వి, "ఇచ్చి దువ్వు అనకు. ముందుగాల ఇంకేదన్న దువ్వనియ్యి. పని చేతికి అలవాటైతే భయం దానంతటదే జరుగుతది" అన్నాడు.

ఇంకేదన్నా అంటే మా ఇంట్లో ఉన్నది గేదె దూడ. నేను దాన్ని తమ్ముడి మంచం దగ్గరికి తోలుకొచ్చి, బురుసు వాడి పక్కన పడేసి, నా పనేదో చేసుకుంటున్నట్టు కూర్చున్నాను. వాడు బురుసు తీసి చూశాడు, కుచ్చును చెంపకు రాసుకున్నాడు, దూడ నొసలు దువ్వాడు. దూడ కళ్ళు మూసుకుంది. అంతే, వాడికి ఉద్యోగం దొరికినట్టయింది. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే దూడ రావాలి. "కదలకు" అని దానికి గద్దింపు, అది తల ఊపితే చెవి మీద చిన్న దెబ్బ. దువ్వుతూ మధ్యలో ఆయాసపడి ఆగేవాడు, ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. దూడ నిగనిగలాడింది. మా నాయనమ్మ దానికి దిష్టి తగులుతుందని కాటుక పెట్టింది.

కొన్నాళ్ళకు నాన్న ఆ దూడ పక్కన, తమ్ముడికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. మాట లేదు, తిరిగి చూడడం లేదు. వాడు మొదట బిగుసుకుపోయాడు కానీ అరవలేదు. అరిస్తే దూడ బెదిరిపోతుందని నేను చెప్పి ఉంచాను. తర్వాత నాన్న కొంచెం పక్కకు తిరిగాడు. ఒకరోజు దూడను దువ్వడం అయిపోయాక, వాడు ఆ గడ్డం వైపు చాలాసేపు చూసి, బురుసు చాపి కొసను తాకాడు. తెల్లవారకముందే నూనెతో చిక్కు తీసిన గడ్డం కాబట్టి అది జారిపోయింది. వాడు మళ్ళీ దువ్వాడు. నాన్న ఊపిరి కూడా తీయలేదు. వాడు దూడకు చెప్పినట్టే "కదలకు" అన్నాడు. అమ్మ గడపలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ సాయంత్రం నాన్న ముందు తలుపు గుండా ఇంట్లోకి వచ్చాడు.

ఆ తర్వాత రోజులు మా ఇంట్లో ఎన్నడూ లేని రోజులు. వాడు నాన్న ఒళ్ళోనే కూర్చుని గడ్డం దువ్వేవాడు. చెంపల మీద పైకి, చుబుకం కింద కిందికి, తనకు తోచిన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. నాన్న ముఖం పక్కకు తిప్పితే కోపం. వాడి బుర్రలో ఎలా పడిందో కానీ, జబ్బు నాన్నకని, ఆ గడ్డమే జబ్బని, తన చేతితో అది నయమవుతోందని నమ్మాడు. మా మేనత్త వాణ్ణి చూడడానికి వచ్చి, ఎట్లున్నది కొడుకా అని అడిగితే, "మా నాయినకు బాగలేదు అత్తా, నేనే చూసుకుంటున్న" అన్నాడు. ఆమె బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చింది. మాకు మాత్రం ఆ మాటకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో మేము నవ్వాం, అది కూడా చెప్పాలి.

ఇక్కడ ఆపితే బాగుంటుందని నాకూ తెలుసు. చాలామంది ఇలాంటివి ఇక్కడే ఆపుతారు. కానీ గుండెలో రంధ్రం బురుసుతో పూడదు. చలికాలం వచ్చేసరికి వాడి కాళ్ళు నీరు పట్టాయి. దూడ దగ్గరికి పోవడం మానేశాడు. నాన్న గడ్డం ఒక చెంపే దువ్వి, "రెండోది రేపు" అనేవాడు. ఆ తర్వాత బురుసు ఎత్తడం కష్టమై, నాన్నే తల వంచి గడ్డాన్ని వాడి చేతి దగ్గరికి తీసుకొచ్చేవాడు. చివరి రోజుల్లో బురుసు లేకుండా వేళ్ళు గడ్డంలో పెట్టి ఊరికే ఉండేవాడు. ఒక మధ్యాహ్నం అలాగే, నాన్న ఒళ్ళోనే పోయాడు. నాన్నకు వెంటనే తెలియలేదు, కదలవద్దని చెప్పాడు కాబట్టి కదలకుండా కూర్చున్నాడు. అమ్మ వచ్చి చూసి చెప్పింది.

వాడిని మా చేను గట్టున పెట్టాం. కొన్నాళ్ళకు ఊరి పెద్దమనుషులు వచ్చి, తీరని మొక్కుకు బాకీ లేదు, మంగలిని పిలిచి ఇక్కడే తీయించేసుకో, ఎన్నాళ్ళు మోస్తావు అన్నారు. వాళ్ళు మంచికే చెప్పారు. నాన్న, "బిడ్డ దువ్విన ఎంటికలు. పెంట మీద ఎట్ల ఏద్దు?" అన్నాడు. భద్రాచలంలోనే ఇచ్చొస్తానన్నాడు. అమ్మ మాత్రం దేవుడి ఊరికి నేను రానంది. నన్ను తీసుకుని నాన్న భద్రాచలం పోయాడు. గోదారి ఒడ్డున తల, గడ్డం రెండూ తీయించుకున్నాడు, గుడ్డలో దాచినవి కూడా విప్పి వాటితో కలిపాడు. గుడిలోకి పోలేదు. మెట్ల కింద నిలబడి పైకి చూశాడు. దండం పెట్టాడో, తిట్టుకున్నాడో నాకు తెలియదు. ఇంటికి వచ్చాక అమ్మ ఆయన నున్నటి ముఖం చూసి, "ఈ ముఖం వాడు చూడకపాయె" అని ఆయన్ని పట్టుకుని ఏడ్చింది. అప్పటిదాకా ఇద్దరూ కలిసి ఏడవలేదు.

తర్వాత వచ్చిన అంగడికి ఉప్పూ కారం కోసం నాన్న, నేను మళ్ళీ జూలూరుపాడు పోయాం. దువ్వెనల తాత మమ్మల్ని దూరం నుంచే చూశాడు. గడ్డం లేని నాన్న ముఖం చూసి ఆయన పట్టా మీద నుంచి లేచి నిలబడ్డాడు. మొక్కు గడ్డం తీశారంటే మొక్కు తీరినట్టే కదా. రెండు చేతులూ చాపి, నోరంతా నవ్వుతో, "నడిచిండా తమ్మీ? మెట్లెక్కిండా?" అని కేక వేశాడు. ఆ చుట్టుపక్కల వాళ్ళందరూ మా వైపు తిరిగారు. నాన్న నిలబడిపోయాడు. నేనే తల అడ్డంగా ఊపాను. తాత చేతులు అలాగే కాసేపు గాల్లో ఉండి, మెల్లగా కిందికి వచ్చాయి. ఆ నవ్వు పోవడం నేను చూశాను, ఇన్నేళ్ళయినా అది నా కళ్ళ ముందు నుంచి పోదు.

ఆయన మమ్మల్ని పట్టా మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. నాన్న చాయ్ ముట్టుకోకుండా, బురుసు సంగతి, దూడ సంగతి, మా నాయినకు బాగలేదన్న మాట, అన్నీ చెప్పాడు. నేను పిల్లదాన్ని, నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "నీ బురుసు ఏం చేసింది మరి?" అని తాతను అడిగేశాను. నాన్న నన్ను వారించబోయాడు. తాత తప్పు పట్టలేదు. "ఏం చెయ్యలే బిడ్డా. అది చేసేది కాదు, నాకు తెలుసు" అన్నాడు. చాయ్ గ్లాసు నా వైపు జరిపి, "రోగమొచ్చినోనికి అందరు చేసేటోళ్ళే ఉంటరు. తినిపిస్తరు, తుడుస్తరు, మోస్తరు. వానితోని ఒక పని చేయించుకునేటోడు ఒక్కడు గూడ ఉండడు. వాడు పోకముందే వాని చేతులు సచ్చిపోతయ్" అన్నాడు. అంతకుమించి ఓదార్పు ఏమీ చెప్పలేదు. దేవుడి దగ్గర ఉన్నాడని గానీ, మళ్ళీ పుడతాడని గానీ అనలేదు. అందుకే ఆయన మాట నాకు మిగిలింది, మిగతా వాళ్ళు చెప్పినవన్నీ పోయాయి.

అప్పటి నుంచి జబ్బు మనిషిని చూడడానికి పోతే నేను పండ్లు పట్టుకుపోను. చేతికి పనికొచ్చేది ఏదో ఒకటి పట్టుకుపోతాను. మా చిన్నాయన పక్షవాతంతో పడిపోతే చిక్కుడుకాయలు ముందర పోసి ఎడమచేత్తో ఈనెలు తీయించాను. వాళ్ళ కోడలు నన్ను రాక్షసి అంది. మా ఆయన చివరి నెలల్లో మంచం దిగలేకపోతే, రేపటి కూర ఏం వండాలో, ఎంత ఉప్పు వేయాలో నిర్ణయించే పని, నా వంటకు వంకలు పెట్టే పని పూర్తిగా ఆయనకే ఇచ్చాను. రెండోది ఆయనకు కొత్తేమీ కాదు. వీళ్ళలో ఒక్కరు కూడా బతకలేదు. దీనివల్ల ఎవరైనా బతుకుతారని నేను ఎవరికీ చెప్పను, చెబితే అబద్ధమవుతుంది.

ఇప్పుడు నా వంతు. ఈ మంచం ఎక్కి చాలా రోజులైంది. ఖమ్మంలో డాక్టరు నా కొడుకును బయటికి పిలిచి మాట్లాడాడు. వాడు లోపలికి వచ్చి, ఏం లేదమ్మా, మందులు మార్చారంతే అన్నాడు. నేను అడగలేదు. ఇంటికొచ్చిన దగ్గర నుంచి నేను ఏది అడిగితే అది వండుతున్నారు. కొడుకూ కోడలూ నన్ను కాలు కింద పెట్టనివ్వరు. నీళ్ళ గ్లాసు కూడా నోటికే అందిస్తారు, జడ కోడలే వేస్తుంది. అంత బాగా చూసుకునే పిల్లలు ఎందరికుంటారు? నిన్న సాయంత్రం నా కొడుకు ఆఫీసు నుంచి వచ్చి నా పక్కన కూర్చుని, ఏమన్నా కావాలా అమ్మా అని అడిగాడు. వాడి చొక్కా మణికట్టు దగ్గర గుండీ దారానికి వేలాడుతోంది. "సూది దారం తెచ్చియ్యి, కుడతా" అన్నాను. వాడు ప్రేమగా నా చేతులు రెండూ దుప్పటి లోపలికి పెట్టి, "నువ్వు పండుకోమ్మా, గుండీదేముంది" అన్నాడు. నేను పడుకున్నాను.